గ్రీసు దేశంలో పెద్దావిడ మోకాళ్లు

గ్రీసు దేశం గురించి నేను చెప్పే చరిత్రలో చాలా భాగం నా కల్పనే. ఆ కల్పన ఖతర్‌లో కొన్ని ఇళ్లలో ఇప్పటికీ నిజమన్నట్టే చెలామణీ అవుతోందని విన్నాను. అందుకు నాకేమీ సిగ్గు లేదు. చెప్పమన్నవాళ్లు వినడానికి సిద్ధపడే అడిగారు.

చమురు డబ్బు పొంగుకొస్తున్న రోజులవి. దోహాలో, అల్ ముంతజాలో ఉండే ఒక ఖతరీ పెద్దావిడను చూసుకోవడం నా పని. మాది జగిత్యాల. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగాను. ఖతర్ వచ్చాక అరబీ కూడా నోటికి అలవాటైపోయింది. పెద్దావిడ ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ దాటాక సముద్రపు ఒడ్డున పుట్టిన మనిషి. ముఖానికి పాతకాలపు ముసుగు, చేతిలో కర్ర, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక సణుగుడు. నేను ఆవిడను ‘యుమ్మా’ అనేదాన్ని, అంటే అమ్మా అని. ఆ ఇంటివాళ్ల అరబీ నా చెవికి మా ఊరి తెలుగులాగే వినిపించేది కాబట్టి వాళ్ల మాటలు అలాగే రాస్తున్నాను.

ఆవిడకు రెండు జబ్బులు. ఒకటి చక్కెర, రెండోది మోకాళ్లు. చక్కెర జబ్బు ఉందని డాక్టరు చెప్పాడు. మోకాళ్ల జబ్బు ఉందని ఆవిడే చెప్పింది. మోకాళ్ల పుణ్యమా అని ఆవిడ గడప దాటేది కాదు. నలుగురు కొడుకులూ, కోడళ్లూ, పిల్లలూ ప్రతి శుక్రవారం ఆవిడ దగ్గరికే వచ్చి తిని పోయేవారు. ఆ ఒక్క రోజూ ఇల్లు ఇల్లులా ఉండేది.

అలాంటి మనిషిని గ్రీసు పంపాలని పెద్ద కొడుక్కి ఎందుకు బుద్ధి పుట్టిందంటే, పక్కింటివాళ్లు వాళ్ల తల్లిని స్విట్జర్లాండ్ పంపారు. ఇక ఆగుతాడా? ఫరీజ్ బిన్ మహమూద్‌లో టికెట్లు అమ్మే ఆఫీసు ఒకటుండేది. అక్కడికి వెళ్లి, గ్రీకుల పాత గుళ్లూ కోటలూ వారం రోజులు చూపించే టూరు ఒకటి కొనేశాడు. తల్లికి తోడుగా చిన్న తమ్ముణ్ణి పంపాడు, ఇంగ్లీషు చదువుకున్నాడు, గైడు చెప్పేది అమ్మకు అరబీలో చెబుతాడని. సేవకు నన్ను పంపాడు. మోకాళ్ల సంగతి ఎవరో ఎత్తితే, ‘బస్సు ఏసీ’ అన్నాడు. ఆ జవాబుకూ ఆ ప్రశ్నకూ ఏమిటి సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు.

బయల్దేరే ముందు నన్ను పక్కకు పిలిచాడు. “అమ్మ నోట్లె తీపి పడొద్దు. వచ్చినంక రక్తం పరీక్ష చేయిస్త. చక్కెర పెరిగిందంటే నువ్వు మీ దేశం పోవుడే, మళ్ల వచ్చుడు ఉండది” అన్నాడు. మా ఆయన పోయాక నా ఇద్దరు ఆడపిల్లలూ అత్తగారి ఊరు నిజామాబాద్‌లో బడికి పోతున్నది ఈ పని మీదే. ఇది పోతే వాళ్లు బడి మానేసి బీడీలు చుట్టడానికి కూర్చోవాల్సిందే.

విమానాశ్రయానికి తీసుకెళ్లిన ఇంటి డ్రైవరు సిరిసిల్ల మనిషి. దారంతా నవ్వుతూనే ఉన్నాడు. “ఏందక్కా, రాళ్లు సూడనీకి గంత దూరం పోతున్నరా? మా తమ్ముడు పన్జేసే సైట్ కాడికి తీస్కపోతుంటి గద. గుట్టలకు గుట్టలు పడి ఉన్నయ్.”

“నువ్వు బండి మంచిగ నడుపన్నా,” అన్నాను. నా భయం నాది. ఊరికి కబురు పెడితే, గ్రీసు అనేది దుబాయ్‌లో ఏ దిక్కున ఉందని మా అమ్మ అడిగిందట.

మొదటి రోజు ఏథెన్స్‌లో బస్సు ఒక గుట్ట కింద ఆగింది. గైడు ఎర్ర గొడుగు పైకెత్తి పట్టుకున్న ఒక సన్నటి ఆడమనిషి. ఊపిరి పీల్చకుండా ఇంగ్లీషు మాట్లాడేది. చిన్న కొడుకు గుట్ట ముందు నిలబడి ఫొటో దిగి, తలనొప్పి అని చెప్పి టాక్సీలో మేం దిగిన హోటల్‌కు వెళ్లిపోయాడు. ఆ తలనొప్పి వారం రోజులూ తగ్గలేదు. రాత్రుళ్లు మాత్రం ఉండేది కాదు. పెద్దావిడ గుట్టను కిందినుంచి పైదాకా ఒకసారి చూసి, “నా మోకాళ్లు” అని మూలిగి, ఎదురుగా ఉన్న హోటల్ పందిరి కింద కుర్చీలో కూర్చుంది.

“నువ్వు పో. మంచిగ చూసిరా. వచ్చి నాకు చెప్పు.”

“నిన్ను ఇడిసిపెట్టి ఎట్ల పోత యుమ్మా?”

“మంచినీళ్లు తాగుకుంట కూసుంట. ఈ ఊర్ల నాకెవరు తెలుసు? పో.”

వెళ్లాను. ఎండలో ఆ నున్నటి రాళ్ల మీద జారుతూ, తిట్టుకుంటూ ఎక్కాను. పైన గైడు చాలాసేపు మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చూడాల్సింది చూసి దిగి వచ్చేసరికి పెద్దావిడ నీళ్ల గ్లాసు ముందు బుద్ధిగా కూర్చుని ఉంది.

“ఏం జూసినవ్?”

“పెద్ద గుడి యుమ్మా. స్తంభాలున్నయ్. కప్పు లేదు.”

“ఎందుకు లేదు?”

తెలియదంటే మళ్లీ ఎక్కమని పంపే మనిషి. అందుకని, “అన్నదమ్ములు పంచుకున్నరు. చిన్నోడు కప్పు తీస్కపోయిండు” అన్నాను.

“పెండ్లాం చెప్పి ఉంటది.”

“ఆమెనే చెప్పిందట.”

పెద్దావిడ తృప్తిగా తల ఊపింది. నాకు హుషారొచ్చింది. అక్కడే ఇంకో గుడిలో స్తంభాలకు బదులు రాతి ఆడవాళ్లు నిలబడి నెత్తి మీద కప్పు మోస్తున్నారు. వాళ్లంతా కోడళ్లని చెప్పాను. అత్త పడుకునే ముందు ‘నేను లేచేదాంక పట్టుకోండ్రి’ అందట, ఆమె ఇంకా లేవలేదట. “అసుంటి కోడండ్లు ఇప్పుడేడ దొరుకుతరు” అని పెద్దావిడ నిట్టూర్చింది.

ఇక చూడండి. రోజుకో ఊరు, ఊరికో గుట్ట, గుట్టకో కథ. కోట గుమ్మం మీద తలలు లేని సింహాలు కనిపిస్తే, వాటి తలలు ఏ బంధువులు ఎత్తుకుపోయారో చెప్పాను. మా బస్సులో ఒక లెబనాన్ ఆవిడ ఉండేది. నా మీద జాలిపడి అప్పుడప్పుడూ రెండు ముక్కలు అరబీలో చెప్పేది. ఒలింపియాలో ఒక పెద్ద మైదానం చూపించి, ఇక్కడ మగవాళ్లు ఒంటి మీద నూలుపోగు లేకుండా పరుగు పందేలు పెట్టుకునేవారని చెప్పింది. అది పెద్దావిడకు ఎలా చెప్పను? అందరికీ లుంగీలు కట్టించి పరుగెత్తించాను. కాళ్లకు అడ్డం పడవా అని ఆవిడ అడిగింది. పైకి మడిచి కట్టుకున్నారన్నాను.

ఆ రోజే ఆవిడ నల్లటి బురఖా మీద తెల్లటి పొడి కనిపించింది. ఇదేమిటంటే, “సున్నం. ఆ రాళ్లది గాలికి కొట్టుకొచ్చింది” అంది. ఆ రాళ్ల మీద సున్నం లేదని పొద్దుటినుంచీ వాటి మధ్య తిరిగిన నాకు తెలియాలి. కానీ నా ధ్యాసంతా లుంగీల మీద ఉంది. చేత్తో దులిపి ఊరుకున్నాను.

చివర చూసిన ఊరు డెల్ఫీ. కొండ వాలు మీద గుడి, కింద హోటల్ పందిరిలో ఎప్పటిలాగే కుర్చీలో పెద్దావిడ. సగం దూరం ఎక్కగానే లెబనాన్ ఆవిడ ఆ చోటు కథ చెప్పింది. వెనకటికి అక్కడ ఒక ఆడమనిషి పీట మీద కూర్చుని ఉండేదట. రాజులు వచ్చి, యుద్ధం చేయాలా వద్దా అని ఆమెనే అడిగేవారట. ఆమె ఏం చెబితే అదే. అబ్బ, ఎంత బాగుందో. వారం రోజుల్లో నాకు దొరికిన అసలైన కథ అది. పెద్దావిడకు వెంటనే చెప్పాలనిపించి, మిగతా కొండ ఎక్కకుండా గబగబా దిగిపోయాను.

కుర్చీ ఖాళీగా ఉంది. కర్ర కుర్చీకి ఆనించి ఉంది. నీళ్ల గ్లాసు ముట్టనే లేదు. కర్ర లేకుండా ఈ ముసలామె ఎక్కడికి పోయింది, ఎక్కడ పడింది అని నా పై ప్రాణం పైనే పోయింది. పందిరి వెనకనుంచి కాగిన నూనె వాసన, తేనె వాసన వచ్చాయి. తడిక తోసుకుని లోపలికి వెళ్లాను.

హోటల్ వంటింట్లో పెద్దావిడ చేతులు పైకి మడుచుకుని, పొయ్యి ముందు నిటారుగా నిలబడి ఉంది. ఎడమ పిడికిట్లోంచి పిండి పిండుతూ, చెంచాతో ఉండలు తీసి నూనెలో జారవిడుస్తోంది. పక్కన ఆవిడ ఈడుదే, నల్ల గౌను వేసుకున్న హోటల్ ఆవిడ నిలబడి నవ్వుతోంది. ఖతర్‌లో రంజాన్ నెలంతా ఇంటింటా వేయించి పాకంలో ముంచే లుగైమాత్ ఉండలే అవి. గ్రీకులూ వాటినే చేసుకుంటారట, పైన తేనె పోసి. పెద్దావిడ ముసుగు నుదుటి మీదికి ఎత్తి ఉంది. గడ్డమంతా తేనె.

“ఈమెకు యాలకులు ఎయ్యనీకి తెల్వది. నేర్పిస్తున్న,” అంది.

“యుమ్మా, నీ మోకాళ్లు?”

“మోకాళ్లకేం రోగం? మంచిగనే ఉన్నయ్. ఎప్పుడూ మంచిగనే ఉండె.” తడబాటు ఏమీ లేదు ఆ గొంతులో. “నలుగురు నాలుగు దిక్కుల బంగ్లాలు కట్టుకున్నరు. నేను నడుస్తనని తెలిస్తే నా కాడికి ఎవడొస్తడు? నన్నే తిప్పుతరు, ఇయ్యాల ఈడింటికి, రేపు ఆడింటికి. నేను లేవలేనంటే అందరు నా ఇంటికే వస్తరు. గంతే.”

నాకు ఒళ్లు మండిపోయింది. “తీపి తిని నువ్వు మంచిగనే ఉంటవ్. నీ చక్కెర పెరిగితే నన్ను ఎల్లగొడ్తరు. నా బిడ్డల బడి బందైతది. అది యాది లేదా?” అన్నాను. యజమానురాలితో అంతకుముందు ఎన్నడూ అలా మాట్లాడలేదు. ఆవిడ చెంచా కింద పెట్టింది.

“పళ్లెంల ఉన్నయ్ తిననియ్యి. మళ్ల ముట్ట,” అంది. తింటూ, “ఇయ్యాల ఏం జూసినవ్?” అని అడిగింది.

పీట మీది ఆడమనిషి కథ చెప్పాను. వింటూ వింటూ పెద్దావిడ నొసలు చిట్లించింది. “ఇది అబద్ధం. రాజులొచ్చి ఆడిదాన్ని అడిగి పనులు చేస్తరా? నా కొడుకులు నన్ను ఒక్క మాట అడిగి ఏ పనన్న చేసిండ్రా? వారం దినాల సంది చూస్తున్న, నువ్వు కోతలు కోసుడు ఎక్కువైంది,” అంది. అప్పటిదాకా చెప్పిన కథలన్నీ నమ్మి, నిజమైన ఆ ఒక్కదాన్నీ కొట్టిపారేసింది.

దోహాకు వచ్చిన మర్నాడే రక్తం పరీక్ష. చక్కెర బాగా పెరిగిందని డాక్టరు చెప్పాడు. సాయంత్రం నలుగురు కొడుకులూ పెద్ద హాల్లో కూర్చుని నన్ను పిలిచారు. పెద్దావిడ తన సోఫాలో ఉంది.

“అమ్మ తీపి తింటుంటే నువ్వేడున్నవ్?” అన్నాడు పెద్ద కొడుకు.

గుట్ట మీద ఉన్నానంటే ముసలామెను వదిలేసి పోయినట్టు. పక్కనే ఉన్నానంటే దగ్గరుండి తినిపించినట్టు. ఎటు చెప్పినా నా పని అయిపోయినట్టే.

“అది నాతోనే ఉంది,” అంది పెద్దావిడ. “నేను గుట్టలెక్కిన. ఏ గుట్ట కనిపిస్తే ఆ గుట్ట ఎక్కిన. తీపి లేదు, గీపి లేదు.”

“నువ్వా? గుట్టలా?”

“నేనే. పెద్ద గుడి చూసిన. కప్పు లేదు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు చిన్నోడు తీస్కపోయిండు.”

పెద్ద కొడుకు వ్యాపారం పని మీద ఏథెన్స్ చూసినవాడే. “అమ్మా, ఆ కప్పు లడాయిల పేలిపోయింది,” అన్నాడు.

“లడాయి ఎవరు జేస్తరు? అన్నదమ్ములే.”

అతను తమ్ముడి వైపు తిరిగాడు. “అమ్మ నిజంగనే ఎక్కిందా?” చిన్న కొడుకు అంత గట్టిగా తల ఊపడం నేను మళ్లీ చూడలేదు. ఊపకపోతే తను ఎక్కడున్నాడో చెప్పాల్సి వస్తుంది.

“ఈ మోకాళ్లతోనా?” అన్నాడు పెద్దవాడు ఇంకా నమ్మకుండా.

ఆవిడ ఏం చేయబోతోందో నాకు అర్థమైంది. వద్దు యుమ్మా అని కళ్లతో బతిమాలాను. నా వైపు చూడనే లేదు. కర్రను సోఫా మీద పెట్టి లేచి, హాలు దాటి, మేడ మెట్లు చకచకా పైదాకా ఎక్కింది. పైన నిలబడి, “చూసిండ్రా?” అని అడిగి, అంతే వేగంగా దిగి వచ్చింది. ఆయాసం కూడా లేదు.

నలుగురూ మాషా అల్లాహ్ అంటూ లేచి నిలబడ్డారు. రెండోవాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. గుట్టలెక్కి ఒళ్లు అలిసిపోయి చక్కెర పెరిగి ఉంటుందని ఎవరో అన్నారు. అందరూ సరేనన్నారు. పెద్ద కొడుకు నన్ను మెచ్చుకున్నాడు. తల్లిని నడిపించింది నేనేనట, వచ్చే ఏడు వాళ్ల అత్తగారిని కూడా నాతో పంపుతాడట. నా పిల్లల బడి నిలబడింది. అల్లాహ్‌కు ఎన్ని దండాలు పెట్టుకున్నానో.

“ఇగ శుక్రవారాలు అమ్మనే మా ఇండ్లకు రావచ్చు,” అన్నాడు రెండోవాడు సంబరంగా. “మొదలు పెద్దన్న ఇల్లు, ఎనకనే మా ఇల్లు.” అక్కడే వరసలు కూడా వేసేసుకున్నారు. ఆవిడను ఎవరూ అడగలేదు.

శుక్రవారం వచ్చింది. డ్రైవరు బండి తెచ్చి హారన్ కొట్టి, “యల్లా, నడువు అక్కా, అమ్మను తీస్కరమ్మన్నరు,” అన్నాడు. ఖాళీ ఇంట్లో ఆవిడకు బురఖా తొడుగుతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

“ఎందుకేడుస్తవ్ పిల్లా? నాలుగిండ్లంటే నాలుగు వంటిండ్లు. ఏ కోడలు తేనె సీసా ఏడ దాస్తదో నువ్వు చూసి చెప్పాలె,” అంది. దారంతా డ్రైవరుకు లుంగీల పందెం గురించి చెబుతూనే ఉంది. అతను స్టీరింగు మీద పడి నవ్వాడు.

పెద్ద కొడుకు బంగ్లా ముందు దిగాం. కోడలు ఎదురొచ్చి అతిథులను కూర్చోబెట్టే గదిలోకి తీసుకెళ్లింది. లోపల అందరూ అప్పటికే ఎవరి చోట్లో వాళ్లు కూర్చుని ఉన్నారు. తన ఇంట్లో నలభై మందిని కంటిచూపుతో కూర్చోబెట్టే మనిషి ఆ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. “నేనేడ కూసోవాలె బిడ్డా?” అని కోడల్ని అడిగింది.