ఖాళీ అనుకున్న లారీ

పురుషోత్తానికి ఇంట్లో కూడా కాలు నిలవదు. ఇరవై ఆరేళ్లుగా బస్సు నడుపుతున్నాడు, ఒక్క ప్రమాదం లేదు. వచ్చే నెల డిపోలో శాలువా కప్పి సన్మానిస్తారని తెలిసినప్పటి నుంచి మరీ కుదురు పోయింది. అన్నం తింటూ తడి రోడ్డు మీద నిండు బస్సు ఎంత దూరంలో ఆగుతుందో భార్య వసంతకు లెక్క చెప్పేవాడు. ఆ మహాతల్లి వినీ విననట్టు కూర వడ్డించేది.

కాటారం నుంచి భూపాలపల్లికి వచ్చే బస్సుకు ఎదురయ్యే ఇసుక లారీలు ఖాళీవే. గోదావరి వైపు ఖాళీగా పోయి నిండుగా తిరిగొస్తాయి. ఆ దారి డ్రైవర్లందరికీ ఇది కంఠతా వచ్చు. ఖాళీ లారీ బ్రేకు వేస్తే ఆగుతుంది. నిండు లారీని దాని బరువే ఆగనివ్వదు.

ఆ జూలై మధ్యాహ్నం ముసురు పట్టింది. నాట్లు వేసి వస్తున్న తండా ఆడవాళ్లతో, ఆ తండాకే చెందిన లక్ష్మా అనే అతను నడుపుతున్న ఆటో బస్సు ముందు నత్తనడక నడుస్తోంది. దూరంగా లారీ కనిపించింది. ఖాళీదే కదా, నెమ్మదిస్తుందిలే అని పురుషోత్తం ఆటోను దాటడానికి కుడికి లాగాడు. తీరా చూస్తే లారీ టైర్లు బరువుకు అణిగి ఉన్నాయి. ఎవరో కంకర నింపి పంపారు.

లారీకి ఎదురెళ్లి గుద్దితే రెండు బండ్ల వేగమూ కలిసి మీద పడుతుంది. ఆటోకు వెనక నుంచి తగిలితే రెంటి వేగంలో తేడా ఎంతో దెబ్బ అంతే. ఆ తేడా తగ్గాలంటే బస్సు ఆగాలి, ఆటో ఆగకూడదు. బ్రేకు తొక్కుతూ ఎడమకు వచ్చి, కిటికీలోంచి అరిచాడు.

"లక్ష్మా, ఆపకు! ఉరికించు!"

ఇంకొకడైతే హడలిపోయి బ్రేకు వేసేవాడు. లక్ష్మా వేగం పెంచాడు. లారీ పక్కనుంచి దూసుకుపోయింది. బస్సు ఆటోను తాకింది. వెనక రేకు చొట్టపోయింది, ఒకామె ముంజేయి విరిగింది. ప్రాణాలు మాత్రం అందరివీ దక్కాయి.

దవాఖాన నుంచి డిపోకు చేరాక కండక్టర్ శారద ప్రమాదం ఎలా జరిగిందో రాసివ్వాల్సిన కాగితం ముందు పెట్టింది. ఆటో ఉన్నట్టుండి ఆగిందని రాస్తే మచ్చ పడదని నచ్చజెప్పింది. పురుషోత్తం లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. ఆశ చెడ్డది. 'ఆటో ఉన్నట్టుండి' దాకా రాసేశాడు.

"ఏందన్నా, గింత పరేషాన్ అయితున్నవ్? గా తండాయన మాట ఎవరింటరు?" అంది శారద.

ఆ మాటకు పురుషోత్తానికి సిగ్గేసింది.

"గాయన ఆగలేదు గనుకనే అందరం బతికినం శారదా. ఆగిండని ఎట్ల రాయాలె?"

రాసింది కొట్టేసి, తప్పు తనదేనని రాసి సంతకం పెట్టాడు.