పది తోళ్ల మాట

మా అత్తగారు ముప్పై ఏళ్లుగా తోలు సంచులు కుడుతున్నారు. మా ముందుగదిలో సగం ఆవిడ కుట్టుమిషను, మిగతా సగం జిగురు వాసన. బజారులో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. గీసి గీసి బేరమాడతారని "గీసిగీసి అమ్మగారు" అనే పిలుస్తారు.

ఆవిడ పప్పులు ఉడకనిది తోళ్ల వ్యాపారి ఒక్కడి దగ్గరే. అతను తోళ్లను పదేసి చొప్పున కట్టలు కట్టి, విప్పకుండా అమ్ముతాడు. పైన రెండూ కింద రెండూ అద్దంలా మెరుస్తాయి. చిల్లులవీ మచ్చలవీ మధ్యలో నక్కి ఉంటాయి. కావాలంటే కట్ట మొత్తం కొనాలి, లేదంటే దారి చూసుకోవాలి.

ఒకరోజు అత్తగారు రుసరుసలాడుతూ ఇంటికొచ్చారు.

"వాడు కొత్తగా ఇంగ్లీషు బోర్డు పెట్టాడమ్మా. నేను నోరు విప్పబోతే చాలు, దాన్ని చూపించి నవ్వుతున్నాడు. ఏం రాసి చచ్చాడో చూడు" అంటూ ఒక కాగితం ఇచ్చారు. అక్షరాలను బొమ్మలు వేసినట్టు వేసుకొచ్చారు. 'నో డికరింగ్' అని ఉంది.

నేను బడిలో ఇంగ్లీషు చెబుతాను. అయినా ఆ మాట నాకూ తెలియదు. పరువు పోకుండా "ఒక్క నిమిషం" అని లోపలికెళ్లి నిఘంటువు తిరగేశాను. డికర్ అంటే బేరమాడటం. దాని కిందే చిన్న అక్షరాల్లో మాట పుట్టుక ఉంది: పూర్వం పది తోళ్ల కట్టను డికర్ అనేవారు. లాటిన్‌లో పదికి సంబంధించిన మాట నుంచి వచ్చింది. తోళ్ల వర్తకంలో సాగిన బేరాల వల్ల ఆ లెక్కమాటే బేరానికి పేరై ఉండవచ్చు.

చదివి వినిపించాను. అత్తగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అయితే, పదేసి కట్టలు అమ్మబడవని కదూ ఆ బోర్డుకి అర్థం?"

"అబ్బే, బేరాల్లేవనే అత్తయ్యా. ఆ కట్టల సంగతి పాతకాలంది. అది కూడా 'ఉండవచ్చు' అనే రాశారు."

"ఆ 'ఉండవచ్చు'ని ఇంట్లో ఉంచేసి, పుస్తకం పట్టుకుని రా."

మేం వెళ్లేసరికి దుకాణంలో చెప్పులు కుట్టేవాళ్లు ఇద్దరు, బెల్టులు చేసే ఆయన ఒకరు ఉన్నారు. అత్తగారు సరాసరి బోర్డు కిందికెళ్లి నిలబడ్డారు.

"సంతోషం నాయనా! ఇన్నాళ్లకి కట్టలు మానేశావు."

"ఎవరు చెప్పారండీ?"

"నీ బోర్డే చెబుతోంది. మా కోడలు టీచరు. చదవమ్మా!"

చదివాను. అబద్ధమేమీ చెప్పలేదు. మొదటి అర్థం మీదా, ఆఖరి వాక్యం మీదా వేళ్లు అడ్డం పెట్టి, మధ్యలోది మాత్రమే చదివాను, అంతే.

"బేరాల్లేవని అర్థమన్నాడే బోర్డు రాసినవాడు!" అని వ్యాపారి నసిగాడు.

"వాడేమన్నాడో మాకెందుకు? పుస్తకంలో ఉందిగా, విప్పవయ్యా కట్ట!" అన్నాడు బెల్టులాయన. చెప్పులవాళ్లు పగలబడి నవ్వారు.

కట్టలు విప్పక తప్పలేదు. అత్తగారు ఒక్కో తోలునూ వెలుతురుకి పట్టి, లాగి చూసి, ఎనిమిది ఏరుకున్నారు. అతను చెప్పిన ధర మారుమాట్లాడకుండా ఇచ్చేశారు. అది చూసి వ్యాపారికి నిజంగా భయం వేసినట్టుంది.

మిగతావాళ్లూ ఏరుకుని వెళ్లాక చిల్లులవే ఓ గుట్టగా మిగిలాయి.

"వీటినెవరు కొంటారు తల్లీ?"

"నేను కొంటాను. మరి బేరమాడొచ్చా?"

అతను బల్లెక్కి బోర్డు దించి, గోడవైపు తిప్పి పెట్టాడు. ఇక ఆవిడకి పట్టపగ్గాల్లేవు. ఒక్కో చిల్లులోంచీ అతన్ని చూస్తూ ధర తగ్గించారు. చిల్లులు తప్పించి కత్తిరించిన ఆ తోళ్లతో కుట్టిన బుల్లి పర్సులు మా సంచులకన్నా త్వరగా అమ్ముడుపోయాయి.

వ్యాపారి మళ్లీ కట్టలు కట్టలేదు. కడితే బెల్టులాయన ఊరుకోడు మరి! నెల తర్వాత నేను దారిలో కనిపిస్తే వ్యాపారి నన్ను ఆపాడు.

"ఇంకో బోర్డు రాయిస్తున్నానండీ. పుట్టుపూర్వోత్తరాలు లేని మాటేదైనా ఉంటే చెబుదురూ!"

వెతికి చెబుతానన్నాను. ఇంకా వెతుకుతూనే ఉన్నాను.