పది రోజులకే అయిపోయిన సెల్లులు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఎండాకాలం సంగతి. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధికి రెండు సందుల అవతల నాకొక చిన్న అంగడి ఉంది. ఇళ్లల్లో పెట్టుకునే లాకర్లు అమ్ముతాను. అమ్మినవి మొరాయిస్తే పోయి తెరుస్తాను. డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదివాను. ఆ చదువుకూ ఈ పనికీ సంబంధమేమిటని మా నాయన చాలాకాలం అడిగేవాడు. ఒకసారి ఆయన లాకరే తెరుచుకోకపోతే పోయి తెరిచాను. అప్పట్నుంచి అడగడం మానేశాడు, లాకర్ వాడటం కూడా మానేశాడు.

నంబరు నొక్కితే తెరుచుకునే ఈ లాకర్ల గురించి జనానికి ఉండే భయం ఒకటే: సెల్లులు అయిపోతే ఏం గతి? లోపల నాలుగు పెన్సిల్ సెల్లులు ఉంటాయి. ఆల్కలైన్ సెల్లులే వేయాలి. మామూలు సెల్లుకు రిమోట్‌ను పోషించే ఓపిక ఉంటుంది కానీ, తాళంలో గడియను లాగే సోలినాయిడ్ అనే చిన్న చుట్ట ఒక్క గుక్కలో చాలా కరెంటు తాగుతుంది. ఆ గుక్క ఇవ్వలేకపోతే లైటు వెలుగుతుంది, బీప్ వస్తుంది, తలుపు మాత్రం రాదు. మంచి సెల్లులైతే రోజూ రెండు మూడు సార్లు తెరిచినా ఏడాది నిలుస్తాయి. అయిపోయినా గతి ఉంది. బయట అంకెల పలక కింద రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీని వాటికి ఆనించి పట్టుకుంటే తాళానికి ప్రాణం వస్తుంది. అది కాక ఎమర్జెన్సీ కీ ఒకటి ఇస్తాం. దాన్ని మావాళ్లు చాలామంది ఇంట్లో అన్నిటికంటే భద్రమైన చోట దాచిపెడతారు. లాకర్ లోపల.

జమ్మలమడుగులో ఓబులేసు ఇంట్లో కూడా కీ అక్కడే ఉండింది. ఓబులేసు కువైట్‌లో పని చేసేవాడు. ఇక్కడ వాళ్ల నాయన గొర్రెల మందను అమ్మేసిన తర్వాత, అక్కడికి పోయి ఇంకెవరివో గొర్రెలు కాసేవాడు. రెండేళ్లకోసారి సెలవుకు వచ్చేవాడు. ఆ ఎండాకాలం సెలవులో ఒకరోజు అతని భార్య మల్లేశ్వరి ఫోన్ చేసింది. పెండ్లికి పోవాలి, కమ్మలు లాకర్లో ఉన్నాయి, తలుపు రావడం లేదని. పోయి బ్యాటరీ ఆనించి తెరిస్తే లోపల ఏ కాలానివో నాలుగు సెల్లులు. తీసేసి కొత్త ఆల్కలైన్ సెల్లులు వేశాను. వేసిన తేదీని ప్రతి సెల్లు మీదా నల్ల మార్కర్‌తో రాయడం నా అలవాటు. కీని బయట ఎక్కడైనా పెట్టుకోమని ఓబులేసు చేతికిచ్చి, ఏడాది దాకా నాతో పని పడదని భరోసా ఇచ్చి వచ్చాను.

పది రోజులకు మళ్లీ మల్లేశ్వరి ఫోన్.

“అన్నా, నీ ఏడాది అయిపోయినట్టుంది.”

ఆ రోజు సాయంత్రం నాలుగు గంటలకు ఓబులేసు బెంగళూరు బస్సు ఎక్కాలి, తెల్లవారితే విమానం. పాస్‌పోర్టు లాకర్లో ఉంది. నా మాట మీద నమ్మకం కూడా అందులోనే ఉంది. పదకొండు గంటల ఎండలో బండి తీశాను.

వాళ్లింటి నడవలో ఓబులేసు వాళ్లమ్మ మంచం మీద కూర్చుని టీవీ చూస్తూ ఉండింది. ఆమెకు సెల్లు అయిపోయిందనే మాట మీద నమ్మకం లేదు. తీసి పంటితో కొరికి మళ్లీ వేస్తుంది. మొదటిసారి పోయినప్పుడు ఆ పని నా కళ్లారా చూశాను.

“రా నాయనా. ఈ రెండ్రోజుల్నుంచి నా రిమోటు శానా బాగ పంజేస్తాంది. ఒగ నొక్కుకే మారతాంది” అని సంబరంగా నా చేతికిచ్చింది, నేనే బాగుచేసినట్టు.

రిమోట్‌కు వెనక మూత లేదు, రబ్బరు బ్యాండు వేసి ఉంది. దాని కింద రెండు సెల్లులు. వాటి మీద నల్ల మార్కర్‌తో నా చేతిరాత.

అంటే నా సెల్లులు రెండు లాకర్లోంచి రిమోట్‌కు వచ్చాయి, అవ్వ కొరికిన రెండు రిమోట్‌లోంచి లాకర్‌కు పోయాయి. నాలుగింటిలో రెండు చచ్చినా తాళం పడకేస్తుంది. అవ్వకు నంబరు తెలియదు. నంబరు తెలిసినవాళ్లు ఇంట్లో ఇద్దరే. ఒకరు నాకు ఫోన్ చేశారు. రెండోవారు నా ఎదురుగా నిలబడి, “ఏందన్నా, కంపెనీ మంచిది కాదా?” అని అడుగుతున్నారు.

కంపెనీ మంచిదేనన్నాను. కీ ఎక్కడుందని అడిగాను. “బద్రంగా పెట్టినా” అని ఓబులేసు లాకర్ వైపు చూశాడు. ఇంకేమీ అనకుండా రిమోట్ అవ్వకు ఇచ్చేసి, లాకర్ ఉన్న గదిలోకి పోయి, సంచిలోంచి బ్యాటరీ తీసి చుక్కలకు ఆనించి పట్టుకున్నాను. నంబరు నొక్కమని చెప్పి గోడ వైపు తిరిగాను. కస్టమర్ నంబరు నొక్కేటప్పుడు ముఖం తిప్పుకోవడం మా పనిలో మొదటి మర్యాద. ఈ జిల్లాలో నేను చూసినన్ని గోడలు సున్నం వేసేవాళ్లు కూడా చూసి ఉండరు.

ఆరు బీప్‌లు. తర్వాత తప్పు నంబరని చెప్పే బొంగురు మోత. మళ్లీ ఆరు, మళ్లీ మోత. మూడోసారీ అంతే. మూడుసార్లు తప్పు నొక్కితే తాళం ఐదు నిమిషాలు అలుగుతుంది. దొంగలు వరసగా నొక్కుతూ పోకుండా పెట్టిన ఏర్పాటు. ఈ ఐదు నిమిషాల్లో బ్యాటరీ తీస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి తీయడానికి లేదు, బయటికి పోవడానికి లేదు. గోడను చూస్తూ అట్లాగే పట్టుకుని నిలబడ్డాను.

మోత విని మల్లేశ్వరి వంటింట్లోంచి వచ్చింది. ప్రయాణానికి కారప్పొడి కడుతూ ఉండిందేమో, గది అంతా ఎండుమిరప ఘాటు.

“అది పాప పుట్టిన తేదీ మామా” అంది.

మళ్లీ ఆమే అందుకుంది.

“అది పుట్టినప్పుడు నువ్వు ఆడ ఉంటివి. ఫోన్లో ఆ తేదీ నాతో మూడుమాట్లు చెప్పించుకుంటివి. అది మర్సిపోతివా?”

అతను, “మర్సిపోల్యా” అన్నాడు. “నాకు పోబుద్ధి కాల్యా, మల్లేశ్వరీ.”

నాకు తుమ్ము వస్తోంది. ఆపుకున్నాను. నా వృత్తి జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో అదొకటి.

“ఆ మాట నోటితో చెప్పొచ్చు గదా. ఈయప్పను ఎండలో పొద్దుటూరు నుంచి రప్పించల్లా?”

“మీ అక్క మొగుడు ఇంకా ఆడే ఉండాడు. నేను నడమన వచ్చేస్తే నీకు చిన్నతనమని…”

“మా అక్క ఎన్నిమాట్లు ఏడ్చిందో నీకేం తెల్సు?” ఆమె గొంతు తగ్గింది. “అయినా ఆడ గొర్లకు తెలుగొస్తాదా, నువ్వు అదిలిస్తే ఇంటాయా?”

“ఇంటాయి. నేను రెండేండ్లు వాటితోనే తెలుగు మాట్లాడినా. వేరే ఎవరుండారు?”

నడవలో టీవీ చానల్ మారింది, ఒక్క నొక్కుకే.

ఐదు నిమిషాలు గడిచి తాళం అలక తీరింది. మల్లేశ్వరి కొంగుతో చేతులు తుడుచుకుని తానే నొక్కింది. పచ్చ లైటు వెలిగింది, తలుపు వచ్చింది. నేను ఇటు తిరిగేసరికి పాస్‌పోర్టు తీసి ఓబులేసు చేతిలో పెడుతోంది.

“పోతావో ఉంటావో నువ్వే జెప్పు. నేను పొమ్మన్నానని పోవద్దు, ఉండమన్నానని ఉండొద్దు.”

అతను ఆ పుస్తకాన్ని కొంచెంసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తీసిన చోటే పెట్టి, తలుపు మూసి, పిడి తిప్పేశాడు.

చూడటానికి చాలా బాగుండింది. ఒకటే చిక్కు. నేనింకా లోపల సెల్లులు మార్చలేదు. కీ కూడా లోపలే ఉంది. ఆ సంగతి చెప్పడానికి అది సమయం కాదని తెలుసు, కానీ మళ్లీ ప్రొద్దుటూరు నుంచి రావడం నావల్ల కాదు. చెప్పాను. మల్లేశ్వరి ముందు నవ్వింది, తర్వాత అతను. నవ్వుతూనే ఆమె కళ్లు తుడుచుకుంది, మిరపఘాటు అంటూ.

మళ్లీ బ్యాటరీ ఆనించి గోడ వైపు తిరగబోయాను. “నువ్వు తిరగాల్సిన పన్లేదులేన్నా” అన్నాడు ఓబులేసు. భార్య ముఖం చూస్తూనే, పలక వైపు చూడకుండా ఆరు అంకెలూ నొక్కాడు. ఒక్కటి తప్పలేదు.

అవ్వ కొరికిన రెండు సెల్లులు తీసి జేబులో వేసుకుని, కొత్తవి పెట్టాను. రిమోట్‌లోవి మాత్రం తీసుకోలేదు. నా వల్ల ఆ ఇంట్లో పూర్తిగా తృప్తి పడిన కస్టమర్ ఆమె ఒక్కతే. కీని ఈసారి మల్లేశ్వరి చేతికిచ్చాను.

ఏడాది దాటాక అటువైపు పనిబడి పోయినప్పుడు వాళ్లింట్లో ఆగి మీటరు పెట్టి చూశాను. సెల్లులు ఇంకా బలంగానే ఉన్నాయి. ఇంటి వెనక దొడ్లో కొన్ని గొర్రెలున్నాయి. ఓబులేసు వాటితో ఏదో చెబుతున్నాడు, అవి వినడం లేదు. ఇక్కడి గొర్రెలకు తెలుగు మరీ బాగా వచ్చేమో.

సెల్లులు తొందరగా అయిపోతే తాళంలో కరెంటు లీకేజీ వెతకాలి, వాళ్లు వేసింది ఏ రకం సెల్లో చూడాలి అని నేను చదువుకున్నాను. ఇప్పుడూ అవన్నీ చూస్తాను. కాకపోతే వాటికంటే ముందు, ఇంట్లో ఎవరన్నా ఊరికి పోతున్నారా అని అడుగుతాను. చాలామంది నాకు పరాయి ఇళ్ల సంగతులు కావాలనుకుని విసుక్కుంటారు. పోయినేడు పులివెందుల నుంచి ఒకామె ఫోన్ చేసింది, కొత్త సెల్లులు నెలకే అయిపోయాయని. అదే ప్రశ్న అడిగాను.

“నేనే అన్నా” అంది.

అంతకుముందు, రెండు గంటల్లో వస్తానని చెప్పి ఉన్నాను. “బండి కొంచెం ఇబ్బంది పెడతాందమ్మా. రేపు వస్తా, ఈలోగా ఇంట్లో ఒకమాట మాట్లాడుకోండి” అన్నాను. నా బండికి ఏ జబ్బూ లేదు.

“సరేన్నా” అంది ఆమె. “నిదానంగానే రా.”