జాదవ్‌పూర్ మేకు

తరులత నస్కర్‌కి పియాలీ పల్లెలో రెండు గదుల రేకుల ఇల్లుంది. దాని వెనక వాన పడితేనే పండే గుప్పెడు పొలముంది. కలకత్తాలోని జాదవ్‌పూర్‌లో ఒక మేకుంది. ఈ మూడింటిలో అన్నం పెట్టింది మేకే. నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నాను.

తరు వదిన వరసగా పిలిచే సుతపా బౌది ఇంట్లో వంటగది తలుపు వెనక ఉంటుందా మేకు. పద్దెనిమిదేళ్ల కిందట, పనిలో చేరిన మొదటి రోజున, మసాలా నూరే పొత్రంతో తరు తన చేత్తో కొట్టుకుంది. రోజూ రైలు దిగి వెళ్లి, దారి చీర విడిచి మేకుకి తగిలించి, మేకునున్న పని చీర కట్టుకునేది. మధ్యాహ్నం మళ్లీ అటూ ఇటూ మార్చుకుని స్టేషన్‌కి వచ్చేది. క్యానింగ్ లైనులో పాచిపనికి పోయే ఆడవాళ్లందరికీ ఇలాంటి మేకు ఒకటి ఉంటుంది. కాగితాలూ లేవు, సంతకాలూ లేవు. మేకుకి ఎవరి చీర వేలాడుతుంటే ఆ ఇంటి పని వాళ్లది.

జ్వరమొచ్చినా, కాన్పయినా, ఇంట్లో ఎవరైనా పోయినా పనికి ఎగనామం పెట్టడానికి లేదు, బదులు మనిషిని పంపాలి. ఆ బదులు మనిషికో కట్టుబాటుంది. తన చీర సంచిలో తెచ్చుకుని సంచిలోనే తీసుకుపోవాలి. మేకు ముట్టుకోకూడదు. ముట్టుకుందా, విచారణ తెల్లవారుజాము నాలుగూ ఇరవై లోకల్లో, ఆడవాళ్ల పెట్టెలో జరుగుతుంది. జడ్జి ఖెంతీ మాసి, పెట్టెకంతటికీ పిన్ని. నోట్లో తమలపాకు, ఒళ్లో సంచి, ఆవిడ తీర్పుకి తిరుగులేదు. తప్పు చేసినదానికి ఎవరూ జరిగి చోటివ్వరు, ఆకూ వక్కా ఇవ్వరు, ఫలానా వీధిలో పనిమనిషి కావాలట అని ఎవరూ చెప్పరు. ఆ పెట్టెలో చోటు పోతే కలకత్తాలో చోటు పోయినట్టే.

మార్చిలో కరోనా వచ్చి రైళ్లు ఆపేశారు. రైలుతోపాటు పెట్టె పోయింది, పెట్టెతోపాటు కోర్టు పోయింది.

తరు పియాలీలో ఇరుక్కుపోయింది. వెంటనే ఝర్నాకి ఫోన్ చేసింది. ఝర్నాది చంపాహాటీ, పెళ్లికి ముందు అదే పెట్టెలో మనిషి. పెళ్లయ్యాక మొగుడితో ఢాకురియా పట్టాల పక్కన గుడిసె అద్దెకు తీసుకుని ఉంటోంది. అక్కడి నుంచి బౌది ఇంటికి నడిచి పోవచ్చు.

"వారం రోజులు చూడవే, రైళ్లు వదలగానే వచ్చేస్తా."

"నీ ఇల్లు నా దగ్గర భద్రం దీదీ. బెంగపెట్టుకోకు."

వారం కాస్తా ఏడు నెలలైంది. తరుకి ఉన్న మిగతా రెండిళ్ల వాళ్లూ ఫోన్లోనే చేతులు దులుపుకున్నారు. మొగుడు నిమాయ్ పనిచేసే తోలు సంచుల కార్ఖానా మూతపడింది. తుపానుకి సగం రేకులు ఎగిరిపోయాయి. ఇద్దరు పిల్లలు మధ్యాహ్నం పూట అన్నం సంగతి అడగడం మానేశారు. అలా మానేయడమే తరుకి ఎక్కువ భయమేసింది.

అక్టోబరులో ఓ మేస్త్రీ ఊరికొచ్చాడు. చెన్నైలో భవనాల పని, బుధవారం బస్సు. నిమాయ్ పేరు రాయించుకున్నాడు. ఇరవయ్యేళ్లు జిగురు వాసన పీల్చి నాలుగడుగులకే ఆయాసపడే మనిషి సిమెంటు బస్తాలు మోస్తాడట!

"పోతే ప్రాణాలతో తిరిగొస్తావా?" అంది తరు.

"బౌది ఇల్లు నిలిస్తే నేను కదలను. అదీ పోతే బుధవారం బస్సెక్కుతా. ఇంకేం చెయ్యమంటావు చెప్పు."

శనివారం సాయంత్రం బౌది ఫోన్ చేసింది. "చూడు తరూ, దుర్గాపూజలు దగ్గరికొచ్చాయి. ఎన్నాళ్లిలా? నువ్వా, ఝర్నానా తేలిపోవాలి. సోమవారం తొమ్మిదింటికల్లా రా. రాకపోతే ఆమెనే ఉంచేసుకుంటా. వచ్చినా ఝర్నాలాగే రాత్రీ పగలూ ఇక్కడే ఉండిపోవాలి సుమా, ఇంటికీ ఇక్కడికీ తిరగడం కుదరదు. మా అత్తగారికి ఎనభై నాలుగేళ్లు."

తరు వెంటనే ఝర్నాకి ఫోన్ చేసింది. స్విచాఫ్. నెలన్నరగా అంతే. ఆ నెలన్నరా తరు తనకి తాను సర్దిచెప్పుకుంది. ఆ రాత్రితో సర్దిచెప్పుకోవడం అయిపోయింది.

ఆదివారం ఖెంతీ మాసి దగ్గరికి పోతే ఆవిడ ఉన్న కాస్త ఆశ మీదా నీళ్లు చల్లింది. "ఏడు నెలలు మేకు ఖాళీగా ఉంటుందటే? పిచ్చిమొహమా! నీ చీర ఈపాటికి గచ్చు తుడిచే గుడ్డ అయ్యుంటుంది."

"ఝర్నా అలాంటిది కాదు మాసీ."

"ఆకలికి అలాంటిదీ ఇలాంటిదీ ఉండదే. అడిగే పెట్టె లేదు, భయమెవరికి?"

అప్పటికి నడుస్తున్నవి స్టాఫ్ స్పెషల్ రైళ్లు. రైల్వే వాళ్లూ ఆసుపత్రి వాళ్లూ తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు. మాసి ఎక్కడి నుంచో నీలం అంచు తెల్లచీరలు రెండు సంపాదించింది. "ఎవడైనా అడిగితే ఆసుపత్రి ఆయానని చెప్పు. ఏ ఆసుపత్రి అంటే దగ్గు. వాడే పారిపోతాడు," అని పకపకా నవ్వింది.

సోమవారం పొద్దున్నే ఇద్దరూ ఎక్కారు. సోనార్‌పూర్‌లో పోలీసులు ఎక్కారు. ఆడ పోలీసు ఒకామె నేరుగా తరు ముందుకొచ్చి నిలబడింది.

"కార్డు?"

"మరిచిపోయానమ్మా. ఆసుపత్రి ఆయాని."

"ఏ ఆసుపత్రి?"

తరు ఏమీ తోచక దగ్గింది. పెట్టెలో సగం మంది చటుక్కున లేచి అవతలికి జరిగారు. ఆ పోలీసామె మాత్రం పారిపోలేదు. "దగ్గుతూ రైలెక్కుతావా? దిగు, దిగు ముందు!" అని కర్రతో దారి చూపించింది. మాసి కిటికీలోంచి బయటికి చూస్తూ తరు ఎవరో తెలియనట్టు కూర్చుంది. రైలు వెళ్లిపోయింది.

ప్లాట్‌ఫారం మీద ఓ మూల కూర్చోబెట్టి, పేరు రాసుకుని, నాలుగు చీవాట్లు పెట్టి వదిలేసేసరికి ఏడవుతోంది. జాదవ్‌పూర్ అక్కడికి మూడు కోసులు. ఆటోలు లేవు, ఉన్నా ఎక్కే స్తోమత లేదు. తరు కొంగు నడుముకి బిగించి నడక మొదలుపెట్టింది.

నడుస్తుంటే కాళ్లకంటే మనసు ఎక్కువ మండింది. నరేంద్రపూర్ దాటేసరికి, తరు ఊహలో, ఝర్నా ఫోను కావాలనే కట్టేసుకుంది. గడియా దాటేసరికి చీర పీకి పారేసి తన చీర తగిలించుకుంది. బాఘాజతీన్ వచ్చేసరికి బౌదితో తన మీద చాడీలు చెబుతోంది. ఇవన్నీ తరు కళ్లారా చూసినట్టే ఉన్నాయి. నా పొట్ట కొట్టింది, నా పద్దెనిమిదేళ్ల ఇంటికి ఎసరు పెట్టింది, చెల్లెలా చూసుకున్నానే దాన్ని అనుకుంటూ ఎదురొచ్చిన మనుషులకి పిచ్చిదానిలా కనిపిస్తూ, చెప్పు తెగితే చేత్తో పట్టుకుని మరీ నడిచింది.

మెట్లెక్కి గంట కొట్టేసరికి తొమ్మిది కావడానికి నాలుగు నిమిషాలుంది. బౌది ఇనప తలుపు తీయలేదు. లోపల దూరంగా, మాస్కు పైన కళ్లు మాత్రమే కనిపించేలా నిలబడింది.

"వచ్చేశాను బౌది. తొమ్మిదింటికే వచ్చేశాను."

"వచ్చావు సరే." బౌది గొంతులో కాస్త ఇబ్బంది. "నిజం చెప్పాలంటే తరూ, నువ్వు రాలేవనుకున్నా. మా అత్తగారు ఝర్నాకి బాగా అలవాటుపడిపోయారు, ఆమె పెడితేగానీ తినడం లేదు. అదీగాక నువ్వు ఎవరెవరినో రాసుకుంటూ వచ్చావు. పూజలు కానీ. వచ్చే నెల చూద్దాం."

"మీరేగా రమ్మన్నారు!"

"అన్నాను. కాదనను. నా పరిస్థితి కూడా అర్థం చేసుకో."

లోపల గదిలో ఝర్నా గొంతు వినిపించింది. పెద్దావిడని బుజ్జగిస్తోంది, ఇంకొక్క ముద్ద, ఇంకొక్కటే అంటూ. ఎంత హాయిగా ఉంది ఆ గొంతు! సొంత ఇంట్లో ఉన్నట్టే ఉంది. తరుకి బుధవారం బస్సు కనిపించింది. బస్సు మెట్టు మీద ఆయాసపడుతున్న నిమాయ్ కనిపించాడు. అంతే, ఒళ్లు తెలియలేదు.

"ఝర్నా శుభ్రంగా ఉందనుకుంటున్నారా బౌది? శ్రావణంలో వాళ్లాయనకి జ్వరం. ముక్కుకి వాసన తెలియలేదు, పదమూడు రోజులు మంచం మీదే. మందుల షాపుకని మీకు చెప్పి, రెండుసార్లు గుడిసెకి పోయి గంజి ఇచ్చొచ్చింది. అవే చేతులతో పెద్దావిడకి అన్నం పెట్టింది. కావాలంటే అడగండి!"

ఆ సంగతి శ్రావణంలో ఝర్నాయే ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. దీదీ, నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, చెబితే చచ్చిపోతా అంది. తరు ఎవరికీ చెప్పనని పిల్లల మీద ఒట్టేసింది.

బౌది కళ్లు పెద్దవయ్యాయి. ఝర్నా చేతిలో అన్నం గిన్నెతో గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంది. మనిషి సగమైపోయింది. అంతా విన్నది.

"నిజమేనా?"

ఝర్నా ఒకసారి తరు వైపు చూసింది. "నిజమే బౌది. గుమ్మం బయటే పెట్టేసి వచ్చాను. లోపలికి పోలేదు."

"నువ్వు వెళ్లిపో. ఇప్పుడే. ఆ గిన్నె అక్కడ పెట్టు, దేన్నీ ముట్టుకోకు!"

ఐదు నిమిషాల్లో ఝర్నా ప్లాస్టిక్ సంచితో బయటికొచ్చింది. ఏడు నెలల కాపురం ఆ సంచిలోనే పట్టింది. మెట్ల మీద తరు పక్కకి తప్పుకుంది. రెండు తిట్లు తిట్టినా బాగుండేది. ఝర్నా తిట్టలేదు.

"పెద్దావిడకి పప్పు పల్చగా చెయ్యి దీదీ, మిరపకాయ తగలనివ్వకు. నా ఫోను పాడైంది. బాగుచేయించుకుంటానంటే గేటు దాటనివ్వలేదు." అని రెండు మెట్లు దిగి మళ్లీ ఆగింది. "గుడిసె ఎప్పుడో వదిలేశాం. చంపాహాటీ పోతాలే." వెళ్లిపోయింది.

సబ్బుతో మూడుసార్లు స్నానం చేయించాకగానీ బౌది తరుని వంటగదిలోకి అడుగుపెట్టనివ్వలేదు. పని చీర కోసం తలుపు వెనక్కి చేయి పెట్టబోయి తరు ఆగిపోయింది.

మేకునే ఉంది ఆకుపచ్చ చీర. ఉతికి, గంజి పెట్టి, మడత పెట్టి, వంట పొగ తగలకుండా పైన పాలిథీన్ కవరు తొడిగి ఉంది. మార్చిలో ఆఖరి రోజున హడావిడిలో మురికిగా తగిలించిపోయిన చీర అది. కొంగు చిరుగు కూడా కుట్టి ఉంది. మేకుకి జానెడు దూరంలో కిటికీ ఊచకి ఓ నైలాను తాడు కట్టి ఉంది. దాని మీద ఇంకా ఆరని నీటిచుక్కలున్నాయి. ఏడు నెలలు రాత్రీ పగలూ అదే ఇంట్లో ఉండి, ఝర్నా తన చీర ఆ తాడు మీద వేసుకుంది.

తరు వరండాలోకి పరిగెత్తింది. సందు చివర, మూసి ఉన్న మిఠాయి కొట్టు దగ్గర, సంచి మోసుకుపోతున్న వీపు కనిపించింది.

"ఝర్నా! ఒసే ఝర్నా!"

"అరవకు. ముందు మాస్కు పెట్టుకో," అంది బౌది వెనక నుంచి. తర్వాత మెత్తగా అంది, "నాకు నిజం చెప్పి మంచి పని చేశావు తరూ. నమ్మకమైన మనిషివి."

వీపు మలుపు తిరిగిపోయింది. కాసేపటికి నిమాయ్ ఫోన్ చేశాడు.

"ఇల్లు దొరికిందా?"

"దొరికింది."

"అయితే నేను పోను. మేస్త్రీకి ఇప్పుడే చెప్పేస్తా!" నిమాయ్ నవ్వాడు. ఏడు నెలల్లో మొదటిసారి నవ్వాడు. వెనక పిల్లలు కేకలేస్తున్నారు. తరు ఆ కేకలు వింటూ ఏడ్చింది. సంతోషంతో ఏడుస్తోందనుకున్నాడు పాపం.

నవంబరులో రైళ్లు వదిలారు. నాలుగో రోజున ఖెంతీ మాసి ఫోన్ చేసింది. ఆవిడ వెనక రైలు చప్పుడు, ఆడవాళ్ల గోల, అంతా మునుపటిలాగే ఉంది.

"ఏమే తరూ, ఝర్నా ఎక్కిందే చంపాహాటీలో. కొత్త ఇల్లు వెతుక్కుంటోందట. గట్టిగా నిలదీశాననుకో, తరు మేకు ముట్టుకున్నావా, నిజం చెప్పు అని."

"ఏమంది మాసీ?"

"ఏమంటుంది! నేను బదులు మనిషిని మాసీ, అసలు మనిషి వచ్చింది, నేను వచ్చేశా అంది. అంతే. ఊరికే అనుమానపడ్డాం, బంగారమే అది! మేమందరం జరిగి చోటిచ్చాం. నీ కిటికీ పక్క చోటు కూడా ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు. ఎప్పుడొస్తావే?"

"బౌది గేటు దాటనివ్వడం లేదు మాసీ," అంది తరు.

అది నిజమే. అయితే బౌది వెళ్లి రమ్మన్నా ఆ పెట్టె ఎక్కడానికి తరుకి ముఖం చెల్లదు. ఆకుపచ్చ చీర ఇవాళ్టికీ కవరుతో సహా మేకునే ఉంది. తరు తన చీర కిటికీ దగ్గర తాడు మీద ఆరేసుకుంటోంది.