బాపమ్మ అరలో రెండు చిలుకలు

మొన్న కరీంనగర్‌లో మా కోడలు సూదులు, గుండీలు, పిన్నీసులు వేసుకోవడానికి మూత మీద బొమ్మలున్న పెట్టె ఒకటి కొనుక్కొచ్చి అల్మారాలో పెడుతుంటే, నేను దాని మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వార్నీషు వాసన తప్ప ఏమీ లేదు. నేను చిన్నప్పుడు ఎరిగిన పెట్టెకు పొనికి కర్ర పచ్చి వాసన, ఉడికిన చింతగింజల జిగురు వాసన, తడి సుద్ద వాసన కలిసి ఉండేవి. కోడలు నన్ను చూసి నవ్వింది. నవ్వనీ, పెట్టెలు చేసే ఇంట్లో పుట్టినదానికి ఆ మాత్రం పొగరు ఉంటుంది.

మాది నిర్మల్. హైదరాబాదు స్టేటు ఇంకా స్టేటుగానే ఉన్న రోజులు. బాపు, అంటే మా నాన్న, ఆయన తమ్ముడు చిన్నబాపు అరుగు మీద కూర్చుని పొనికి కర్రను పెట్టెలుగా అతికి, మూతల మీద చింతగింజల జిగురుతో పూలతీగలనూ పిట్టలనూ ఉబ్బెత్తుగా దిద్ది రంగులేసేవాళ్లు. అంచు విరిగిందో, రంగు కారిందో, వంక పెట్టి షావుకారు తిప్పి పంపిన పెట్టెలన్నీ మా ఇంటి అరల్లోకి చేరేవి. అవ్వ, అంటే మా అమ్మ, వాటితోనే ఇల్లు సర్దుకుంది. నెమలి పెట్టెలో సూదిదారాలు, జింక పెట్టెలో కుంకుమ, మామిడిపిందెల పెట్టెలో వక్కలు, చిలుక పెట్టెలో పసిపిల్లల కడుపునొప్పికి పసుపు, వాము, సొంటి కలిపి దంచిన పొడి. బాపమ్మకు, అంటే బాపును కన్న తల్లికి, రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. అయినా మూత మీద వేలు పెట్టి, చిలుక ముక్కో నెమలి తోకో తడిమి, కళ్లున్న మాకంటే ముందే కావలసింది తీసిచ్చేది.

రంగులు దాచే పెట్టెలకు మాత్రం బొమ్మ ఉండకూడదు. అది మా తాతల నాటి కట్టు. వాటిలో హరిదళమని ఒక పసుపుపచ్చ రాయి ఉండేది. మెత్తగా నూరితే ఆ పొడి బంగారంలా తళతళలాడుతుంది. అది విషం. అందుకే ఆ పెట్టెల మూతలు ఉత్త కర్రతో నున్నగా ఉండేవి. వేలికి ఏమీ తగలకపోతే బాపమ్మ ఆ పెట్టె జోలికి పోదు.

మా తమ్ముడు పుట్టిన ఏడు బతుకమ్మ పండుగ ముందు ఇంటికి సున్నం వేశారు. పెట్టెలన్నీ వాకిట్లో నులక మంచం మీదికి వచ్చాయి. ఒక పక్క తంగేడు, గునుగు పూల మోపులు, లోపల నువ్వులు వేగుతున్న కమ్మదనం, బెల్లం దంచుతున్న చప్పుడు, వీటన్నిటి మీదా సున్నం ఘాటు. ఆ ఘాటుకు బాపమ్మకు పడిశం పట్టి ముక్కు మూసుకుపోయింది. చిన్నబాపుకు మెడ వెనక్కి తిప్పిన చిలుకను దిద్దడం చెయ్యి కుదరక, దగ్గరున్న ఉత్త మూత మీద ఒకటి దిద్ది చూసుకున్నాడు. అది హరిదళం పెట్టె మూత. ఆరాక గీకేద్దామనుకుని పండుగ పనుల్లో మరిచిపోయాడు. సాయంత్రం అవ్వ బొమ్మలున్న పెట్టెలన్నీ ఇంట్లోకి, లేనివన్నీ అరుగు మీదికి చేర్చింది. మా గల్లీలో ఏ ఆడదైనా అలాగే సర్దుతుంది.

మరునాడు అవ్వ పొయ్యి దగ్గర ఉంది. బాపమ్మ ఒడిలో మా తమ్ముడు, అప్పుడప్పుడే కూర్చోవడం నేర్చిన పసివాడు, కాళ్లు కడుపులోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తున్నాడు. బాపమ్మ వాణ్ని చంకనెత్తుకుని అర తడిమింది. చిలుక ముక్కు తగిలింది. వేలితో పొడి అద్ది, తేనెలో రంగరించి, వాడి నాలుకకు రాసింది. వాకిట్లో బాపు భుజం మీది కర్రమోపు దించి, కొడుకు ఏడుపు విని వచ్చి వంగి చూశాడు. వాడి పెదవి మీద పసుపు ఎండకు తళుక్కుమంది. పసుపు మెరవదు. ఆ మెరుపు ఏమిటో బాపుకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"అవ్వా, గిది ఏ పెట్టెలకెళ్లి తీసినవ్?" అని తన తల్లిని అడిగాడు. 

"చిలుక పెట్టెలకెళ్లే బిడ్డా. ఏమైంది?"

బాపు వాణ్ని ఆమె చేతుల్లోంచి లాక్కున్నాడు. వాడి గొంతులో వేలు పెట్టి కక్కించి, భుజాన వేసుకుని సర్కారు దవాఖానకు పరుగెత్తాడు. అవ్వ పిండి చేతులతోనే వెంటపడింది. బాపమ్మ చెయ్యి పట్టుకుని నేను నడిపిస్తుంటే, దారిలో చిన్నబాపు ఎదురై ఏడుస్తూ తాను చేసిన పని చెప్పాడు.  బాపమ్మ నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుని అడుగులు వేగం చేసింది.

డాక్టరు గొట్టం వేసి వాడి కడుపు కడిగాడు. ఇంక చూడాలన్నాడు, అంతే. వాడు ఏడుస్తున్నంతసేపూ మాకు భయం, ఏడుపు ఆగిపోయాక ఇంకా భయం. వీధిలో ఆడవాళ్లు చప్పట్లు చరుస్తూ బతుకమ్మ ఆడుతున్నారు. మా ఇంట్లో పేర్చని పూలు మోపుల్లోనే వాడిపోయాయి. బాపమ్మ దవాఖాన వరండాలో గోడకానుకుని పొడి అద్దిన వేలిని కొంగుతో తుడుస్తూనే ఉంది. ఏమీ అంటుకుని లేదని నేను చెప్పినా ఆపలేదు. తెల్లవారాక వాడు పాలకు ఏడ్చాడు. బాపు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

కార్తీకంలో మొక్కు చెల్లించడానికి బాసర వెళ్లాం. తీర్థానికి వెళ్తే ఇష్టమైనది ఒకటి వదిలి రావడం మా పెద్దల ఆచారం. ఒకరు కాకరకాయ వదిలితే ఒకరు సీతాఫలం వదిలేవారు. బాపమ్మ నా భుజం ఆసరాగా గోదావరిలోకి దిగి, దోసిలితో నీళ్లు వదులుతూ మెల్లగా అంది.

"గోదారి తల్లీ, గీ పిల్లగానికి నా చేతితోని ముద్ద పెట్టుడు ఇడిశిపెట్టిన."

వదిలింది ఏమిటో బయటికి అనకూడదు. విన్నది నేనొక్కదాన్నే. ఎవరికీ చెప్పొద్దన్నట్టు నా భుజం నొక్కింది.

ఆ తర్వాత కూడా ఎప్పటిలా పిల్లలమందరం ఆమె చుట్టూ చేరి ముద్దలు తింటుంటే, తమ్ముడూ వచ్చి నోరు తెరుచుకుని కూర్చునేవాడు. వాడి వంతు వచ్చేసరికి ఆ చెయ్యి ఆగిపోయేది. మీ అవ్వనడుగు పో అని ముఖం తిప్పుకునేది. కొన్నాళ్లు ఏడ్చాడు, తర్వాత రావడమే మానేశాడు. వాడు బడికి పోయే వయసులోనే ఆమె పోయింది.

ఇప్పుడు రాళ్లు నూరే పనే లేదు, రంగులు డబ్బాల్లో వస్తున్నాయి. పొనికి కర్ర కోసం అడవులు వెతకాలట. మా అరుగు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం వెలిసింది. బాపు, అవ్వ, చిన్నబాపు ఎవరూ లేరు. తమ్ముడికి డెబ్బై దగ్గర పడ్డాయి.

పోయిన దసరాకు వాడు మా ఇంటికి వచ్చాడు. చిన్నప్పుడు విషం నాకిన సంగతి వాడికి తెలుసు, గోదావరి సంగతి తెలియదు. అన్నం తింటూ నవ్వుతూనే అన్నాడు.

"బాపమ్మకు మీరంటెనే పానం అక్కా. నేనంటె గిట్టకపోతుండె."

ఇక నావల్ల కాలేదు. నీళ్లలో ఆమె అన్న మాట అన్నట్టే చెప్పాను. వాడి చెయ్యి కంచంలో ఆగిపోయింది. కంచంలోకే చూస్తూ అడిగాడు.

"మీకు ముద్దలెట్ల పెడుతుండె?"

వేడన్నంలో పచ్చిపులుసు కలిపి, ముద్ద చేసి, బొటనవేలితో గుంట తీసి, అందులో నెయ్యి వేసేదని, రెండో చేత్తో బుగ్గ తడిమి నోరు వెతుక్కునేదని చెప్పాను. వాడు తలవంచుకుని విన్నాడు.

"మళ్లొక్కసారి చెప్పక్కా," అన్నాడు.