బ్లేడు అరుపు చిన్నాయనకు వినపడలేదు

మా చిన్నాయన ఫిల్మ్‌నగర్‌లో సినిమా సెట్ల కార్పెంటర్. పని తగ్గాక షేక్‌పేటలో మా రేకుల షెడ్డు కింద పాత కారు చక్రాలు, ఒక మోటారు పెట్టి దుంగలు కోసే రంపం మిషను సొంతంగా తయారు చేశాడు. నెలల తరబడి ఏ పలక కోసినా వంకరే. చక్రాలు సరిచేసి, వాటి మీద పట్టీలా తిరిగే బ్లేడు బిగువు సవరిస్తూ పోతే ఇవాళ పొద్దున ఒక వేప పలక నున్నగా, తిన్నగా వచ్చింది. ఇద్దరం పొంగిపోయాం.

రెండో పలక సగంలో ఉండగా బ్లేడు కీచుమని అరవడం మొదలుపెట్టింది. "ఆపు చిన్నాయనా!" అని గొంతు చించుకున్నాను. ఆయన నింపాదిగా నెడుతూనే ఉన్నాడు. నేను స్విచ్చి దగ్గరికి చేరేలోపే బ్లేడు తెగి, ఆయన ముంజేతిని చీరి గోడకు కొట్టుకుంది.

నా చున్నీతో కట్టు కట్టి, కుట్లు వేయించడానికి ఆటోలో తీసుకెళ్లాను. పక్కనే కూర్చుని పిలిచినా ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు. భుజం తడితే తిరిగాడు.

"నీకు వినపడ్తలేదు గదా?" అని గట్టిగా అడిగాను.

"ఎవ్వరికి చెప్పకు బిడ్డా. తెలిస్తే సెట్ల మీదికి ఎవ్వడు పిలువడు" అన్నాడు.

అందుకే ఆయన పేరు, నా పేరు రాయడం లేదు. చెవుల డాక్టరు దగ్గరికి పోదామంటే ముందు కొత్త బ్లేడు కొందామంటున్నాడు. ఇలాంటి మనిషిని మీ ఇంట్లో ఎలా ఒప్పించారో చెప్పండి. బ్లేడు మాత్రం నేను కొననివ్వను.