నీళ్లు తాగని పగళ్లు

అమ్మకు కడుపు ఉబ్బడం మొదలైన ఏడాదికి గాని ఆ సంగతి నాకు తెలియలేదు. అత్వెల్లిలో మాది ఒక్క గది, వంటిల్లు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నేను మేడ్చల్‌లో ఒక స్కూలు ఆఫీసులో పనిచేస్తున్నాను. అమ్మ బౌరంపేట్‌లో, చుట్టూ గోడ పెట్టి విల్లాలు కట్టిన ఒక కాలనీలో తోటపనికి వెళ్తుంది. సాయంత్రం నేను వచ్చేసరికి చీర వదులు చేసుకొని గోడకానుకొని కూర్చొని ఉండేది. అలసిపోయింది అనుకునేదాన్ని.

ఒకరోజు నడుముకు కొబ్బరినూనె రాసుకుంటుంటే చూశాను. లంగా బొందు ఒరుసుకొని నడుము చుట్టూ ఎర్రగా గాటు పడింది. పొట్ట ముందుకు వచ్చి బిగుసుకుపోయి ఉంది.

“ఏందమ్మా గది?”

“ఏం లేదు బిడ్డా. గ్యాసు.”

“రోజు గిట్లనే అయితదా?”

“పొద్దుగాల మంచిగనే ఉంటది. మజ్జానం దాటిందంటే ఉబ్బుకుంట వస్తది. వంగి కలుపు తీస్తాంటే ఊపిరాడది.”

మందు నాకు తెలుసనుకున్నాను. శనగపప్పు, గోబీ, ఆలుగడ్డ ఇంట్లోకి తేవడం మానేశాను. వాము మరగబెట్టి ఇచ్చాను. మెడికల్ షాపులో అడిగి గ్యాసు గోళీలు, గులాబీ రంగు సిరప్పు తెచ్చాను. రెండు రోజులు బాగున్నట్టే ఉండేది, మళ్లీ మామూలే. ఆఖరికి షాపతను ఇసబ్‌గోల్ పొట్టు ఇచ్చాడు. అది వేసుకున్న వారం రోజుల్లో కడుపు ఇంకా రాయిలా అయింది. అన్నం పెట్టుకొని నేను ఆమె ముఖమే చూస్తుంటే, నా కోసం రెండు ముద్దలు ఎక్కువ తినేది. అలా తిన్నందుకు రాత్రంతా అవస్థ పడేది. ఇక తినేటప్పుడు నేను ఆమె వైపు చూడడం మానేశాను.

బలవంతాన మేడ్చల్‌లో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. బరువు తగ్గావా, రక్తం ఏమైనా పడుతోందా అని ఆమె అడిగింది. ఈ వయసు ఆడవాళ్లకు ఇన్నాళ్లుగా కడుపు ఉబ్బుతుంటే ఒకసారి లోపల చూడాల్సిందేనని స్కానింగ్ రాసింది. స్కానింగ్ సెంటర్లో మూత్రసంచి నిండేదాకా నీళ్లు తాగమన్నారు. లీటరు సీసా అమ్మ చేతికిచ్చాను. సగం తాగి, మూతి తుడుచుకుంటూ అంది:

“పగటిపూట గిన్ని నీళ్లు తాగి ఎన్నేండ్లయిందో యాదికి లేదు.”

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. స్కానింగ్‌లో ఏం వస్తుందోనన్న భయంలో ఉన్నాను.

రిపోర్టులో ఏమీ లేదు. డాక్టరమ్మ కడుపు నొక్కి చూసి, “మలం గట్టిపడి నిలిచిపోతాంది. అందుకే గ్యాసు కదలక ఉబ్బుతాంది. రోజుకు ఎన్ని నీళ్లు తాగుతవమ్మా?” అని అడిగింది. అమ్మ నా వైపు చూసింది. “పొట్టు వేసుకుంటే నీళ్లు మస్తు తాగాలె. లేకుంటే అది కూడ గట్టిపడి కూసుంటది. దొడ్డికి వచ్చినప్పుడు ఆపుకోవద్దు. నిదానంగ తిను.” అమ్మ అన్నింటికీ తల ఊపింది.

బయట బస్సు కోసం నిలబడ్డప్పుడు నెమ్మదిగా అంది. “ఆపుకోవద్దంటది. యాడికి పోవాలె బిడ్డా?”

అప్పుడు చెప్పింది. తోటపని ఆడవాళ్లకు అక్కడ బాత్రూం లేదు. గేటు దగ్గర ఉన్నది సెక్యూరిటీ మగవాళ్లది, గడియ కూడా సరిగ్గా పడదు. అందుకే పొద్దున ఇంట్లో చాయ్ తాగితే, మళ్లీ సాయంత్రం ఇంటికి వచ్చాకే నీళ్లు. ఒకప్పుడు అటువైపే నాట్లకు, కలుపుకు కూలికి పోయేది. “అప్పుడు చెట్టు చాటన్న ఉండె. ఇప్పుడు అన్ని అద్దాలే, కెమెరాలే,” అంది.

నెల తిరగకముందే ఆమెకు జ్వరం వచ్చింది. రెండు రోజులు పనికి పోకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారని భయపడింది. నేను సెలవు పెట్టి ఆమె బదులు వెళ్లాను. మేడ్చల్ దాకా ఒక బస్సు, గండిమైసమ్మ దాకా ఇంకొకటి, అక్కడి నుంచి షేరింగ్ ఆటో. ఎనిమిదికల్లా పైపు చేతికిచ్చారు. పదకొండు గంటలకు దాహంతో నాలుక పిడచకట్టింది. నా చేతిలోని పైపులో నీళ్లు గడ్డి మీద పారుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం మిగతా తోటపని ఆడవాళ్లతో కలిసి గోడ నీడలో సద్ది తిన్నాను. మూడయ్యేసరికి పొత్తికడుపు పోటు. నా చుడీదార్ బొందు వదులు చేసుకోవడానికి చాటు కోసం వెతికాను. ఆమె ఆరేళ్లుగా ఇలాగే పగళ్లు గడుపుతోంది.

సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి క్లబ్‌హౌస్ బాత్రూం గురించి అడిగాను. అతను కసురుకోలేదు.

“అది ఓనర్లకేనమ్మా. నిరుడు ఒకామె పోతే ఎవరో ఫొటో తీసి ఓనర్ల వాట్సాప్ గ్రూపుల వెట్టిండ్రు. నాకే మెమో ఇచ్చిండ్రు. నా చేతిల లేదు.”

ఆ వారం తోటపని ఆడవాళ్లకు బాత్రూం కావాలని కాలనీ ఓనర్ల అసోసియేషన్‌కు దరఖాస్తు రాశాను. ఆఫీసులో అలాంటివి నేను రోజూ రాస్తాను, అది నా పనే. చదివి వినిపించాను. అమ్మ మొత్తం విని కాగితం మడిచింది.

“మంచిగ రాసినవ్. కని ఇయ్యకు బిడ్డా.”

“ఎందుకమ్మా?”

“గిది ఇస్తే నన్నొక్కదాన్ని కాదు, నలుగురిని తీసేస్తరు. ఆళ్లకు నేనేం చెప్పాలె?”

ఇంట్లో ఉండు, నేను చూసుకుంటాను అనాలి. నాకొచ్చేది కిరాయికి, తిండికి చాలదని ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ మాట నేను అనలేదు, ఆమె ఎదురుచూడలేదు.

చేతనైనంత చేశాం. నాలుగున్నరకే లేచి రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు తాగుతుంది. బస్సు తొందర లేకుండా బాత్రూంలో కాసేపు కూర్చుంటుంది. మొదటి పది రోజులు ఏమీ కాలేదు. తర్వాత మెల్లగా పొద్దున్నే కడుపు కదలడం అలవాటైంది. పొట్టు పొద్దున మానేసి, సాయంత్రం ఇంటికి వచ్చాక నీళ్లతో వేసుకుంటుంది. ఆమెతో పనిచేసే ఒకామె, కాలనీ వెనక రోడ్డులో కిరాణా దుకాణం నడిపే అవ్వను అడిగి ఒప్పించింది. మధ్యాహ్నం ఆ అవ్వ ఇంట్లోకి వెళ్లొచ్చు. పోను రాను ఇరవై నిమిషాలు. తినడానికి ఇచ్చేది అరగంట. అవ్వ ఇంటికి వెళ్లిన రోజు అన్నం గబగబా మింగాలి, నిదానంగా తిన్న రోజు ఆపుకోవాలి.

ఇప్పుడు వారంలో మూడు రోజులు బాగుంటుంది, ఒక్కోసారి నాలుగు. ఆదివారం పొట్ట మామూలుగా ఉంటుంది, పడుకొని నిద్రపోతుంది. నడుము మీది గాటు నల్లబడి మచ్చగా మిగిలింది. ఎండాకాలం వస్తోంది. ఈ ఎండల్లో నీళ్లు లేకుండా ఎట్లా అని నిన్న అడిగాను.

“జూద్దాం తియ్,” అని అటు తిరిగి పడుకుంది.